వాడ గడపలో దాసోహము



శీతకాలమున కళాశాలల విద్యార్థులు సేవాశిబిరములకు బయలుదేరు దినములలో కోహీరు, జహీరాబాదు ప్రాంతపు లింగాయత గృహములలో ఒక మాట వినవచ్చుచుండును. "పోయి రా బిడ్డా, కాని అక్కడ నీళ్లు ముట్టకు." ఈ మాట చెప్పువారు పరులు కారు. ఉదయముననే స్నానమాడి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నుంచుకొని పూజించిన పెద్దలే. ఇందులో ద్వేషమున్నదనుట అన్యాయమగును. బిడ్డ క్షేమము కోరి, అలవాటుకొలది నోటికి వచ్చిన మాట యది. అయినను 12వ శతాబ్దిలో కల్యాణపురమున బసవేశ్వరుడు తలపెట్టిన మహాకార్యము నంతటిని తుడిచివేయగల బలము ఆ చిన్న మాటలో నున్నది. కావుననే దానిని విచారింపవలసి వచ్చినది.

ముందుగా ఆ సేవ యెట్టిదో తెలిసికొనుట మంచిది. మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24వ తేదీన, నాటి కేంద్ర విద్యామంత్రి డాక్టరు వి.కె.ఆర్.వి. రావుగారు జాతీయ సేవాపథకమును 37 విశ్వవిద్యాలయములలో ప్రారంభించిరి. తొలియేట చేరిన విద్యార్థులు సుమారు 40,000 మంది. ఇందులో చేరినవారు ఏడాదికి 120 గంటల వంతున రెండేండ్లలో 240 గంటలు సమాజసేవ చేయవలెను. అదిగాక తాము దత్తతగొన్న గ్రామములోనో వాడలోనో ఏడు దినములు శిబిరముండవలెను. కోణార్క సూర్యదేవాలయపు రథచక్రము ఈ పథకమునకు చిహ్నము. తనకంటె ఎదుటివానిని ముందుంచుమనుట దీని ఆదర్శము.

ఈ ఆదర్శము లింగాయతునకు కొత్తది కాదు. 'దాసోహము' అను పదమును విడదీసినచో 'నేను దాసుడను' అని యర్థము. కాలక్రమమున మఠములలో పంక్తి దీర్చి అన్నము వడ్డించుటకే ఆ పేరు స్థిరపడినది. అన్నము పెట్టుట పుణ్యకార్యమే, సందేహము లేదు. కాని దానమునకును దాసోహమునకును గల భేదమును మరువరాదు. దానములో ఇచ్చువాని చేయి పైన, పుచ్చుకొనువాని చేయి క్రింద నుండును. దాసోహములో ఇచ్చువాడే క్రింద నుండవలెను. తాను ఇచ్చుచున్నాననెడి తలంపు మిగిలియున్నంతవరకు, ఎంత పెట్టినను అది దానమే యగును గాని దాసోహము కాదు.

కోహీరును చూడుడు. సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదునకు చేరువనున్న ఈ ఊరు జామపండ్లకు పేరుగన్నది. వికారాబాదునుండి బీదరు మీదుగా పరళికి పోవు రైలుమార్గమున దీని స్టేషను కలదు. బజారులో కొంతసేపు నిలిచినచో తెలుగు, ఉర్దూ, కన్నడము మూడును చెవిని బడును. ఒకే మనిషి బేరమును ఒక భాషలో మొదలిడి వేరొక భాషలో ముగించును. ఇన్ని భాషలను ఇముడ్చుకొన్న ఊరిలోనే, నడి యూరినుండి అంచునగల వాడకు పది నిమిషముల దారిని జన్మలో ఒక్కమారైన నడువనివారు కలరు. హైదరాబాదు వీధులు వారికి తెలియును, బీదరు కోట తెలియును. తమ పొలమున కలుపు తీయు స్త్రీ ఏ ఇంట నుండునో తెలియదు.

ఇచట ఒక దృష్టాంతము చెప్పవలసి యున్నది. డిగ్రీ రెండవ సంవత్సరము చదువు ఒక విద్యార్థినిని ఊహింపుడు. పేరుతో పని లేదు, అట్టి బిడ్డలు ప్రతి కళాశాలలోను ఉందురు. మెడలో ఇష్టలింగము ధరించిన కుటుంబమున పుట్టినది. తోటివారితో కలిసి సర్వే కాగితములు చేతబట్టుకొని మొదటిసారి ఆ వాడకు పోయెను. ఇంట ఎందరు, చదువు వచ్చినవారెందరు, మరుగుదొడ్డి కలదా, నల్లా కలదా, పింఛను వచ్చుచున్నదా అని ప్రశ్నలు. ఒక ముసలమ్మ గడప ముందు కూర్చుండి చేటలో కందులు చెరుగుచుండెను. అడిగినదానికెల్ల ఓపికగా బదులు చెప్పెను. "అవసరములు" అను గడికి వచ్చినప్పుడు, "మాకేం గావాలె బిడ్డా, అంత మంచిగనే ఉన్నది" అనెను. బిడ్డ ఆ గడిలో "ఏమియు లేవు" అని వ్రాసికొనెను. ఎండ చురుక్కుమనుచుండెను. ముసలమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చెను.

"వద్దవ్వా, దప్పి లేదు."

ముసలమ్మ మారుమాటాడలేదు. చెంబును లోపల బెట్టి వచ్చి మరల చేట పట్టుకొనెను.

రెండవసారి పోయినప్పుడు విద్యార్థులు సబ్బులు పంచిరి. చేతులు కడుగుకొను విధమును గూర్చి ఉపన్యసించిరి. ముసలమ్మ అందరితోపాటు కూర్చుండి వినెను. వారిలో ఒక పిల్లవానికి నిజముగనే దాహమై నీళ్లడిగెను. అప్పుడు ముసలమ్మ చేయి చాచి, "ఆ మూలమీద నల్లా ఉన్నది, అక్కడ తాగుండ్రి బిడ్డా" అని చూపెను. ఆమె గొంతులో కోపము లేదు, నిష్ఠురము లేదు. ఆ పిల్లలు ఇబ్బంది పడకుండుటకే ఆమె యట్లు చెప్పినది. తన యింటి నీళ్లు వారు ముట్టరని మొదటినాడే గ్రహించి, వారి పరువు తానే కాపాడినది. ఆనాడు ఎవరు ఎవరికి సేవ చేసిరో చెప్పనక్కరలేదు.

బిడ్డ ఇంటికి వచ్చి ఈ సంగతి తాతకు చెప్పెను. నీళ్లు ముట్టవద్దని చెప్పిన నాయనమ్మ పక్కనే యుండెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణమును పలుమార్లు పారాయణ చేసిన ఆ తాత, శివనాగుమయ్య కథను ఎత్తుకొనెను. శివనాగుమయ్య లోకము అంటరానివాడని దూరముంచిన కులమున పుట్టిన శివభక్తుడు. బసవన్న ఆయనను ఆదరించుట చూచి సహింపలేక, ఆచారము మంటగలిసెనని పెద్దలు బిజ్జలరాజు కడకు పోయి మొరపెట్టిరి. రాజసభలో బసవన్న భక్తునకు కులమెక్కడిదని నిలబడెను. శివనాగుమయ్య దేహమునుండి పాలు ప్రవహించినవని పురాణము చెప్పుచున్నది. తెలుగున ద్విపదలో పుట్టిన ఈ పురాణమును భీమకవి 1369లో కన్నడమునకు తెచ్చెను. నేడు కన్నడ, తెలుగు సీమలు రెండింటను ఇది పూజా పీఠముల మీద నున్నది. దీనికి పసుపు కుంకుమలు పెట్టుచున్నారు, మంచిదే. కాని శివనాగుమయ్య కథ వచ్చు పుట తెరచి చదువు ఇండ్లు ఎన్ని?

పురాణమున పాలు ప్రవహించినవి. మన కాలమున అట్టి అద్భుతమేదియు అవసరము లేదు. మూడవసారి పోయినప్పుడు బిడ్డ నేరుగా ఆ గడప ముందే కూర్చుండెను.

"అవ్వా, నీళ్లియ్యి."

ముసలమ్మ ఒక క్షణము తేరిపార చూచెను. "ఇయ్యాల దప్పి అయితుందా బిడ్డా?" అని నవ్వి లోపలికి పోయెను. చెంబు వచ్చెను. బిడ్డ త్రాగెను. అంతకుమించి ఏమియు జరుగలేదు. ఆకాశమునుండి పూలు రాలలేదు, పిడుగును పడలేదు. కాని చెంబు తీసికొని లోపలికి పోయిన ముసలమ్మ ఈసారి చేతిలో ఒక ప్లాస్టికు సంచితో తిరిగి వచ్చెను. సంచిలో ఆధారు కార్డు, రేషను కార్డు, నాలుగు మడతలు పడిన కాగితమొకటి. ఒక కార్డులో ఆమె పేరు ఒక విధముగను, మరియొక దానిలో వేరొక విధముగను పడినది. ఆ కారణమున వృద్ధాప్య పింఛను నిలిచి నెలలు గడచినవి. మొదటినాడు "అంత మంచిగనే ఉన్నది" అని చెప్పించుకొని, "ఏమియు లేవు" అని గడి నింపిన ఇల్లే యిది!

సేవకు పోవువారు ఈ ఘట్టమును బాగుగా ఆలోచింపవలెను. ఆ సర్వే కాగితములో అబద్ధమెవరు వ్రాసిరి? బిడ్డ విన్నదే వ్రాసినది. ముసలమ్మ తన మర్యాదను కాపాడుకొన్నది. తన నీళ్లు త్రాగనివారికి తన కష్టము చెప్పుకొను మనుజుడు ఎక్కడ నున్నాడు? గడి తప్పుగా నిండుటకు కారణము ఆ తిరస్కరింపబడిన చెంబే. ఎన్ని వాడలలో ఎన్ని కాగితములు ఇట్లు నిండి కార్యాలయములకు చేరుచున్నవో ఎవరు లెక్కింపగలరు?

తరువాతి పని ఏమంత గొప్పది కాదు. బిడ్డ ఒక అర్జీ వ్రాసినది. ముసలమ్మను వెంటబెట్టుకొని మీసేవ కేంద్రమునకును, మండల కార్యాలయమునకును పోయినది. ఒకనాడు అధికారి లేరు, ఒకనాడు యంత్రము పని చేయలేదు. నాలుగు మారులు తిరిగిన మీదట పేరు దిద్దుటకు దరఖాస్తు స్వీకరింపబడినది. ఈ నాలుగు తిరుగుళ్లలో ఆ యిరువురు బస్సులోను, చెట్టు క్రిందను మాటలాడుకొన్న గంటలే అసలైన పాఠము. ఇంట నాయనమ్మ ఈ సంగతులన్నియు వినుచునే యున్నది. ఒకనాటి సాయంకాలము ఆమె తనంతట తానే, "ఆ ముసలామె పుట్టినిల్లు ఏ ఊరు?" అని యడిగెను. మనిషిని మనిషిగా తలచినప్పుడు పల్లెటూరి స్త్రీ మొదట అడుగు ప్రశ్న యిదియే. అంతవరకు ఆ యింట ఎవరికిని ఆ ప్రశ్న తోచలేదు.

చెట్టు క్రింది మాటలలో బిడ్డకు తెలిసిన మరియొక సంగతి కలదు. ముసలమ్మ యింట విత్తనముల బుట్టలున్నవి. పేడతో అలికి, బూడిదయు వేపాకును కలిపి, పురుగు పట్టకుండ దాచిన జొన్న, సజ్జ, కొర్ర, అనుము, కంది. ఏ నేలకు ఏ గింజ, ఏ కార్తెకు ఏ చాలు అని ఆమె చెప్పుకొని పోవుచుండగా డిగ్రీ చదువు బిడ్డకు వ్రాసికొనుటకు కాగితము చాలలేదు.

ఇది కల్పనకు పుట్టిన మాట కాదు. జహీరాబాదు ప్రాంతపు ఎర్రనేలలలో ఇట్టి స్త్రీలు సాధించినది లోకమెరుగును. పస్తాపూరు కేంద్రముగా 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. దాని చుట్టు పల్లెపల్లెను కూడిన మహిళా సంఘములలో అత్యధికులు దళిత స్త్రీలు. బీడుపడిన భూములను బాగుచేసి, ఒకే చేనిలో పలు పంటలు కలిపి పండించి, విత్తనమును బజారున కొనక ఇంటనే దాచుకొనిరి. ఏటేట సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై ఆ గింజలను ఊరూర ఊరేగించుటకు పాత పంటల జాతర యని పేరు. 2008 అక్టోబరు 15న మాచునూరులో వారు నడుపు సంఘం రేడియో మొదలైనది. చదువు రాని స్త్రీలు, తక్కువ చదివిన స్త్రీలు తమ మాటను తామే వినిపించుకొనిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారు ఇచ్చు ఈక్వేటరు బహుమతి వారికి లభించినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. పట్టణములలో కొర్రబియ్యము వెల పెరిగి, వైద్యులు దానిని తినుమని చెప్పుచున్నారు. ఆ గింజను ఎవరు కాపాడిరి? ఎవరి యింట నీళ్లు ముట్టవద్దని బిడ్డలకు చెప్పుచున్నారో, వారు కాపాడిరి.

బోధింప పోయినవారు నేర్చుకొని వచ్చుట తెలుగునాట అరుదైన సంగతి కాదు. నెల్లూరు జిల్లాలో 1990 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రిపూట లాంతర్లతో పల్లెలకు పోయి అక్షరములు దిద్దించిరి. చదువరులు పలక పట్టించి వచ్చితిమనుకొనిరి. దూబగుంట స్త్రీలు ఆ పాఠములలోనే తమ బ్రతుకును చూచుకొని, ఊరిలో సారా అంగడిని మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారాయి నిషేధమునకును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకును దారితీసినది. తరువాత ఆ నిషేధము సడలిపోయినది, అది వేరు కథ. అక్షరము చెప్పినవారు గురువులా, దానితో రాజ్యమును కదిలించినవారు గురువులా?

ఇప్పుడు జంగమ తత్త్వమును స్మరింపవలెను. గురువు, లింగము, జంగమము అని త్రివిధము. జంగమమనగా కదలునది. కాషాయము ధరించి భిక్షకు వచ్చు స్వామిని జంగమయ్య అనుట ఆచారము. కాని బసవన్న దృష్టిలో చైతన్యముతో కదలు సమాజమే జంగమము, దానికి అర్పించుటయే దాసోహము. శిబిరమునకు పోవు విద్యార్థి తాను ఊరూర తిరుగుచున్నాడు కావున తానే జంగముడనని భ్రమపడుటకు అవకాశమున్నది. టోపీ పెట్టుకొని, బానరు పట్టుకొని నడుచునప్పుడు ఆ భ్రమ మరింత గట్టిపడును. నిజమునకు అక్కడ జంగమ స్థానము ఆ వాడది. పోయినవాడు భక్తుడు. జంగముడిచ్చిన తీర్థమును భక్తుడు "దప్పి లేదు" అని త్రోసివేయునా?

శరణులు పంచసూతకములను నిరాకరించిరని ప్రతి లింగాయత బాలునకును నేర్పుదురు. జాతి, జనన, ప్రేత, రజస్సు, ఉచ్ఛిష్టము అని ఐదు. ఇష్టలింగము సోకిన దేహమునకు ఇవి అంటవని సిద్ధాంతము. ఇందులో పురుడు, మైల మొదలైనవి పాటింపమని సగర్వముగా చెప్పుకొను కుటుంబములే మొదటిదైన జాతిసూతకము దగ్గర నోరు మెదపవు. ఐదింటిలో నాలుగు విడిచి ఒకటి పట్టుకొనుట సిద్ధాంతమున ఎక్కడను లేదు. జాతిని కాదన్నందుకు కల్యాణమున చెల్లించిన మూల్యమెంతటిదో తెలియనివారు లేరు. చర్మకార కులమున పుట్టిన హరళయ్య కుమారునకును, బ్రాహ్మణ కులమున పుట్టిన మధువరసుని కుమార్తెకును వివాహమైనది. వధూవరుల తండ్రులు ఇరువురకు క్రూరమైన మరణశిక్ష పడినది. కల్యాణము అల్లకల్లోలమై శరణులు దిక్కుదిక్కులకు చెదరిపోయిరి. ఆ కల్యాణమే నేటి బీదరు జిల్లా బసవకల్యాణము. కోహీరులో రైలెక్కి బీదరులో దిగి బస్సు పట్టినచో ఒక పూట ప్రయాణము. ఏటేట యాత్రకు పోవుచున్నారు. అంత దూరము పోయి వచ్చిన పాదములకు పది నిమిషముల దారి భారమగుట వింతయే.

సేవకు పోవు బిడ్డలకు చెప్పదగిన శరణ కథ ఇంకొకటి కలదు. ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చి, వానితోనే వండి దాసోహము చేయుచుండిరి. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ గింజలు తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికమెందుకు, ఆశ రాజులకు గాని భక్తులకు తగునా, తీసికొనిపోయి అక్కడనే పోసి రమ్మని భర్తను మందలించెను. ఆయన మారుపలుకక పోయి పోసివచ్చెను. శరణుల గోష్ఠిలో ఇంత కఠినముగా లెక్క చూచిన ఇల్లాలు వేరొకరు లేరు.

శిబిరములో అధికమైన గింజలేవి? చీపురు చేతబట్టి ఊడ్చినది రెండు నిమిషములు, ఫోటో తీయించుకొన్నది పది నిమిషములు. ముసలివారి చేతిలో పండు పెట్టి, వారి మొగమును సెల్‌ఫోను వైపు త్రిప్పించుట. సర్టిఫికెట్టు కొరకు గంటలు కూడబెట్టుట. 240 గంటల లెక్క ప్రభుత్వమునకు కావలసినదే, దానిని తప్పుపట్టరాదు. సర్టిఫికెట్టు వలన ఒక బిడ్డకు ఉద్యోగమున మేలు కలిగినచో అదియు మంచిదే. కాని పేదవాని మొగమును తన పుణ్యమునకు సాక్ష్యముగా తీసికొనిపోవుట లక్కమ్మ ఒప్పుకొను పని కాదు. ఆమె గడపలోనే నిలబెట్టి, పోసి రమ్మనును.

ఇక మఠముల మాట. బసవ జయంతి వైశాఖ శుద్ధ తదియనాడు వచ్చును. ఆనాడు మఠములలో వేలాది మందికి ప్రసాదము వడ్డింతురు. వాడలవారిని పిలుచుట అనేక చోట్ల కలదు, పంక్తిలో అందరితోపాటు కూర్చుండబెట్టుటయు కలదు. ఇంతవరకు సంతోషింపదగినదే. కాని వంటశాలలోనికి ఎవరు పోవుచున్నారు? గరిటె ఎవరి చేతిలో నున్నది? వాడవారు తినుటకు వచ్చుచున్నారే గాని వడ్డించుటకు వచ్చుచున్నారా? ఇచ్చు చేయి ఎన్నడును మారకుండ, పుచ్చుకొను చేయి ఎన్నడును మారకుండ నూరేండ్లు నడిచినను అది దానమే. రాబోవు జయంతికి మఠాధిపతులు తమ శిష్యకుటుంబముల యువకులను వాడలకు పంపదలచినచో, అన్నపు పొట్లములు కట్టి పంపుటకు ముందు ఒక పని చేయవచ్చును. వాడవారే జొన్నరొట్టె, పప్పు వండి పెట్టునట్లు వారిని కోరవలెను. స్వాములవారు తాముగా పోయి ఆ పంక్తిలో మొదటి విస్తరి ముందు కూర్చుండవలెను. స్వాములు కూర్చున్న చోట నాయనమ్మలు నిలబడి చూడరు. ఎవరు ముందు చెంబెత్తుదురో బిడ్డలు చూచుచుందురు.